బ్రౌన్ దొర మొదటి పేరు

సి.పి. బ్రౌన్ అనగానే మనకు నిఘంటువు గుర్తొస్తుంది. ఆ 'సి' అంటే చార్లెస్ అని తెలిసినవాళ్ళు కూడా అది ఎక్కడి పేరని అడగరు. నేనూ అడగలేదు. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. పేర్లతో నా సంబంధం సంతకం కలిసిందా లేదా అన్నంతవరకే.

పదిహేనేళ్ళ కిందట మా నాందేడ్ శాఖకు ఒక పద్మశాలి ముసలామె వచ్చింది. పోయిన భర్త పేరు పాసుపుస్తకంలో నర్సయ్య, రేషన్ కార్డులో నరసింగ్, మరణ పత్రంలో నర్సింహ. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మని తిప్పి పంపాను. "ముగ్గురేడున్నరు సారూ, నా పెన్మిటి ఒక్కడే" అంది. ఆ మాట గుచ్చుకుంది. ఊరు మారితే పేరు ఏమవుతుందో గమనించడం అప్పటినుంచి అలవాటైంది. అలా చార్లెస్ దొరికాడు.

ఇది జర్మానిక్ భాషల పేరు. మూలం 'కార్ల్'. అర్థం రాజూ కాదు, వీరుడూ కాదు, బానిస కాని మామూలు మనిషి. మన పల్లెల్లో 'ఆసామి' అంటామే, దాదాపు అది. ఇంగ్లండులో ఆ మాటే 'చర్ల్' అయి, మోటువాడనే తిట్టుగా దిగజారింది. తూర్పున మాత్రం సింహాసనమెక్కింది. క్రీ.శ. 800 క్రిస్మస్ నాడు రోములో చక్రవర్తి కిరీటం పెట్టుకున్న ఫ్రాంకుల రాజు పేరు కార్ల్. షార్లమేన్ అన్నా ఆయనే. పొరుగు స్లావు జాతులు ఆయన పేరునే 'రాజు' అనే మాటగా వాడుకున్నాయి. పోలెండులో క్రూల్, చెక్ భాషలో క్రాల్, రష్యన్‌లో కొరోల్ అలా వచ్చినవే.

పేరుగా ఇటలీలో కార్లో, స్పెయిన్‌లో కార్లోస్, పోలెండులో కరోల్, హంగరీలో కారోయ్. కార్ల్ మార్క్స్, 1978లో పోపు అయిన కరోల్ వొయ్‌తీవా ఒకే పేరువాళ్ళంటే నవ్వొస్తుంది. ఫ్రెంచివాళ్ళు షార్ల్ అంటారు. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ దగ్గర తీసుకున్నప్పుడు అది 'చ'యే. తరవాత ఇచ్చినవాడు 'ష' చేసుకున్నాడు, తీసుకున్నవాడు భద్రంగా దాచుకున్నాడు. బ్యాంకులో ఇలాంటి అప్పు చూడలేదు.

ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ మహారాష్ట్రకూ చుట్టమే. 1661 పెళ్ళి ఒప్పందంలో పోర్చుగీసువాళ్ళు బొంబాయిని కట్నంగా రాసిచ్చారు. 1668లో ఆయన దాన్ని ఏడాదికి 10 పౌన్ల అద్దెకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు!

ఆ కంపెనీ కొలువులోనే మన బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కడప చేరి, 1829లో వేమనను అచ్చువేసి, 1852లో తెలుగు నిఘంటువు తెచ్చాడు. ఫిలిప్ గ్రీకు పేరు, గుర్రాలంటే ఇష్టపడేవాడని. బ్రౌన్ ఇంగ్లీషు రంగు. ఒక్క సంతకంలో మూడు దేశాలు. ఆయన్ను ఎవరూ అఫిడవిట్ అడిగి ఉండరు.

మన నాందేడ్‌లో ఎన్ని ఇంటిపేర్ల చివర 'వార్' ఉందో చూడండి. అది మన 'వారు'. చివరి ఉకారం రాలిపోయిందంతే. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రం, తరవాత బొంబాయి, 1960 నుంచి మహారాష్ట్ర. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా కాగితం మీద పడ్డాం.

ముసలామె రెండు నెలలకు అఫిడవిట్ తెచ్చింది. అందులో నాలుగో పేరుంది, నర్సింలు. నేనేమీ అనకుండా సంతకం పెట్టాను.