వాషింగ్ మిషన్ మోటారు, సీలేరు నీళ్ళు

 ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా హాస్టల్లో ఒక పాత సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషన్ ఉంది. ఎవరో దాత ఇచ్చింది. పగలు వేస్తే తిరుగుతుంది. సాయంత్రం ఆరు దాటాక వేస్తే మాత్రం గుయ్‌మని మూలుగుతుంది గానీ తిరగదు. మావాళ్ళు టబ్బులో చెయ్యి పెట్టి చక్రాన్ని కాస్త తోస్తే అప్పుడు అందుకుంటుంది. (అలా మాత్రం ఎవరూ చెయ్యకండి. తడి చేతులు, కరెంటు, ఎర్తింగ్ ఉందో లేదో తెలీదు.) మొన్న కొవ్వూరులో మోటార్లు బాగుచేసే ఒకాయన్ని బతిమాలి తీసుకొచ్చాం. వెనక రేకు విప్పి చూసి, "మోటారుకేం కాలేదు అబ్బాయ్, కెపాసిటర్ నీరసించింది. పైగా సాయంత్రం మీకు ఓల్టేజీ పడిపోతంది" అన్నాడు. "తోస్తే ఎందుకు తిరుగుతుంది బాబాయ్ గారూ?" అని అడిగా. "అది తెలిస్తే మోటారు మొత్తం తెలిసినట్టేరా" అని నవ్వి ఊరుకున్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని లైబ్రరీలో కూర్చున్నా. అక్కడ మొదలుపెడితే ఆఖరికి మన కొండల దగ్గర తేలింది.

1821లో ఇంగ్లండులో ఫారడే కరెంటు పోయే తీగ అయస్కాంతం చుట్టూ తిరుగుతుందని చూపించాడు. 1831లో దానికి తిరకాసు కూడా కనిపెట్టాడు: అయస్కాంతాన్ని కదిపితే తీగలో కరెంటు పుడుతుంది. అంటే మోటారూ, జనరేటరూ వేరు వేరు జాతులు కావు. తిప్పితే కరెంటు ఇస్తుంది, కరెంటిస్తే తిరుగుతుంది. 1873లో వియన్నా ప్రదర్శనలో ఒక డైనమో నుంచి తీగలు లాగి ఇంకో డైనమోకి కలిపితే, ఆ రెండోది మోటారై పంపును నడిపింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

అప్పటి మోటార్లకు బ్రష్షులు ఉండేవి. తిరిగే భాగానికి కరెంటు అందించడానికి కార్బన్ ముక్కలు రాసుకుంటూ ఉంటాయి. నిప్పురవ్వలు, అరుగుదల. నీళ్ళ పక్కన పెట్టుకునే వస్తువుకు ఇది మంచిది కాదు. 1888లో ఇటలీలో గలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా ఎవరికి వాళ్ళు విడిగా ఒకే ఆలోచన బయటపెట్టారు. తిరిగే భాగానికి కరెంటు అందించే పనే లేదు. చుట్టూ ఉన్న కాయిళ్ళలో ఏసీ కరెంటును ఒకదాని తర్వాత ఒకటి ఆలస్యంగా పంపితే అయస్కాంత బలమే గుండ్రంగా తిరుగుతుంది. లోపలి ముక్క దాని వెంట పడుతుంది. ఆ మరుసటి ఏడాది జర్మనీలో పనిచేస్తున్న డొలివో-డొబ్రొవోల్‌స్కీ లోపలి ముక్కను పంజరంలా లోహపు కడ్డీలతో చేశాడు. ఇవాళ మన పొలాల్లో నీళ్ళు తోడే మోటారు లోపలా అదే పంజరం ఉంటుంది.

అయితే ఇంట్లోకి వచ్చేది సింగిల్ ఫేజ్. ఒకే కాయిల్ ఉంటే బలం గుండ్రంగా తిరగదు, ముందుకీ వెనక్కీ ఊగుతుంది అంతే. ఎటు తిరగాలో మోటారుకు తెలీదు, అందుకే ఆ మూలుగు. మనం ఒక వైపు తోస్తే ఆ వైపు అందుకుంటుంది. మనం చేత్తో చేసే ఆ పనే కెపాసిటర్ చేస్తుంది: రెండో కాయిల్‌లో కరెంటును కొంచెం జరిపి తిరుగుడు పుట్టిస్తుంది. వాష్ టబ్బు కాసేపు ఇటు, కాసేపు అటు తిరగడం కూడా ఈ కెపాసిటర్‌ని ఒక కాయిల్ నుంచి ఇంకో కాయిల్‌కి మార్చడం వల్లే. ఓల్టేజీ లెక్క ఇంకా క్రూరం. ఇలాంటి మోటారు బలం ఓల్టేజీ వర్గంతో పడిపోతుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే బలం 78 శాతం కాదు, 61 శాతమే. నీళ్ళు, జీన్ ప్యాంట్లు నిండిన టబ్బును అది ఏం తిప్పుతుంది?

ఇక వాషింగ్ మిషన్ సంగతి. కరెంటు వాషింగ్ మిషన్ కనిపెట్టింది ఆల్వా ఫిషర్ అని చాలా చోట్ల రాసి ఉంటుంది. ఆయన పేటెంటు 1910ది. చికాగోలో హర్లీ కంపెనీ "థోర్" పేరుతో అమ్మిన మిషన్‌ది. కానీ 1904 నాటికే అమెరికా పేపర్లలో కరెంటు మిషన్ల ప్రకటనలు ఉన్నాయి, కాబట్టి మొదటివాడు ఆయన కాదు. ఆ తొలి మిషన్లలో మోటారును తొట్టి కింద బిగించేవాళ్ళు. నీళ్ళు కారి మోటారు మీద పడితే షాక్. బట్టలు పిండటానికి రెండు రోలర్లు ఉండేవి, వాటిలో ఎంతమంది ఆడవాళ్ళ వేళ్ళు నలిగాయో. 1937లో బెండిక్స్ కంపెనీ ఉతకడం, జాడించడం, పిండటం అన్నీ తనే చేసుకునే మిషన్ తెచ్చింది. అదురుడు ఎంతంటే దాన్ని నేలకు బోల్టులతో బిగించాల్సి వచ్చేది. 1953లో జపాన్‌లో శాన్యో కంపెనీ టబ్బులో చిన్న చక్రం తిరిగే చవక మిషన్ తెచ్చింది. మా హాస్టల్లో ఉన్నది ఆ చక్రం వంశమే.

మన దక్షిణాదిలో మోటారు కథ కోయంబత్తూరులో మొదలవుతుంది. 1937లో జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడు కలిసి దేశంలో తొలి స్వదేశీ కరెంటు మోటారు చేశారని చెప్తారు. జి.డి. నాయుడుది తెలుగు మాట్లాడే కుటుంబమే. ఆయన ప్రతిభను తక్కువ చెయ్యను. కానీ మోటారు కోయంబత్తూరులోనే ఎందుకు పుట్టింది? 1932లో నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. చవక కరెంటు కొండ దిగి కోయంబత్తూరు మిల్లులకు చేరింది. కరెంటు ఉన్న చోటే మోటారుకు గిరాకీ. పైకారా తోడా ఆదివాసుల కొండ.

నయాగరాలోనూ ఇదే. 1895లో టెస్లా పద్ధతిలో అక్కడ జలపాతం నుంచి కరెంటు తీశారు, అది ప్రతి పుస్తకంలో ఉంటుంది. అదే నయాగరాలో పెద్ద రిజర్వాయరు కోసం టస్కరోరా ఆదివాసుల భూమి తీసుకోవచ్చని 1960లో అమెరికా సుప్రీం కోర్టు చెప్పింది. చివరికి 550 ఎకరాలు పోయాయి. ఇది మోటారు పుస్తకాల్లో ఉండదు.

మన దగ్గర ఆ పేరు మాచ్‌ఖండ్. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో డుడుమ జలపాతం దగ్గర 1955లో కరెంటు తయారీ మొదలైంది. ఆ కరెంటు కొండ దిగి విశాఖ, గోదావరి జిల్లాల వైపు వచ్చింది. పైన దాదాపు 2,900 కుటుంబాలు ఇళ్ళూ పొలాలూ వదిలాయి. వాళ్ళలో సగానికి పైగా ఆదివాసులు. కొత్త చోటు చూపించింది 600 కుటుంబాలకే. మిగతావాళ్ళు ఎటు పోయారో రాసి పెట్టినవాళ్ళు తక్కువ.

అదే నది కిందికి వచ్చేసరికి సీలేరు అవుతుంది. దాని మీదే బలిమెల, ఎగువ సీలేరు, డొంకరాయి, చివరగా మోతుగూడెం పక్కన పొల్లూరులో దిగువ సీలేరు. దిగువ సీలేరులో ఒక్కొక్కటి 115 మెగావాట్ల యంత్రాలు నాలుగు, మొత్తం 460 మెగావాట్లు. 1976 నుంచి 1978 లోపల అవి నడవడం మొదలైంది. మా ఊరు అక్కడికి దూరం కాదు. చిన్నప్పుడు మా తాత టవర్ లైన్ చూపించి "అది మనూరి మీదుగా పోతది, మనూళ్ళో దిగదు" అనేవాడు. మా ఇంట్లో మొదటి బల్బు వెలిగేటప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. అంటే 2013. కరెంటు పుట్టిన చోటి నుంచి మా ఇంటికి రావడానికి ముప్పై అయిదేళ్ళు పైనే పట్టింది. తాత చూడలేదు.

వియన్నా సంగతి గుర్తు పెట్టుకోమన్నా కదా. పొల్లూరులో నీళ్ళు తిప్పే జనరేటరు, ఇక్కడ బట్టలు తిప్పే మోటారు, తీగకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. ఇప్పుడు గ్రిడ్ అంతా ఒకటే కాబట్టి ఫలానా మోటారు ఫలానా నీళ్ళతోనే తిరుగుతుందని ఎవరూ చెప్పలేరు, అది ఒప్పుకోవాలి. కానీ నీళ్ళ సంగతి అలా కాదు. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, పాపికొండలు దాటి ఆ నీళ్ళే కొవ్వూరు గోష్పాద రేవు ముందు నుంచి పోతాయి. రబీలో గోదావరి తగ్గితే డెల్టా వరి చేలు సీలేరు నుంచి వదిలే నీళ్ళ కోసమే చూస్తాయి. ఇక్కడ మా క్లాసువాళ్ళకు చాలామందికి ఈ విషయం తెలీదు. చెప్తే "అవునా!" అంటారు.

మరి మోటారు మెరుగుపడితే మనకేంటి? ఇక్కడే నాకు ఆసక్తి. 1991లో న్యూజిలాండ్‌లో ఫిషర్ అండ్ పేకెల్ కంపెనీ, 1998లో కొరియాలో ఎల్‌జీ, బెల్టు తీసేసి డ్రమ్మునే నేరుగా తిప్పే మోటారు పెట్టాయి. లోపల అయస్కాంతాలు ఉంటాయి, బ్రష్షులు ఉండవు. వచ్చే కరెంటును ముందు డీసీగా మార్చి, ఎలక్ట్రానిక్స్ దాన్ని మళ్ళీ మూడు ఫేజులుగా కోసి, ఎంత వేగం కావాలంటే అంతే ఇస్తాయి. మనం ఇన్వర్టర్ మిషన్ అనేది ఇదే. ఎన్ని బట్టలుంటే అంత కరెంటే తాగుతుంది. ఓల్టేజీ కొంత పడినా ఎలక్ట్రానిక్స్ సర్దుకుంటాయి. అంటే స్తంభం చివరి ఊరికి, ఓల్టేజీ ఎప్పుడూ పడే మన ఊళ్ళకు, ముందు రావాల్సిన మోటారు ఇది. వచ్చింది మాత్రం సిటీ అపార్ట్‌మెంట్లకు. మనకు వాళ్ళు వదిలేసిన పాత మోటారు వస్తుంది, అది కూడా మన ఓల్టేజీకి తిరగదు.

ఎల్‌జీ 2025 మేలో మన శ్రీసిటీలో కొత్త ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది, అందులో వాషింగ్ మిషన్లు కూడా తయారవుతాయి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, డిప్లొమాలో ఈఈఈ చదివే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మోటారు వైండింగ్‌తో పాటు ఈ ఇన్వర్టర్ బోర్డుల పని కూడా పట్టుకుంటే బాగుంటుందని నా ఉద్దేశం. మా మెకానిక్ బాబాయ్ గారు కూడా బోర్డు చూడగానే "ఇది నా వల్ల కాదు" అంటాడు.

మా మిషన్‌కి 10 మైక్రోఫారడ్ కొత్త కెపాసిటర్ వేశారు, చందాలు వేసుకుని ఇచ్చాం. మొన్న ఆదివారం సాయంత్రం వేసి చూశాం. తోయకుండానే అందుకుంది, కానీ దుప్పట్లు వేస్తే మళ్ళీ మూలుగుడే. అందుకని దుప్పట్లు పగలు, చొక్కాలు సాయంత్రం అని గోడ మీద కాగితం అంటించాం.