సికిందరాబాదు దోమ మొదలు మలేరియా టీకా వఱకు

చెడుగాలి వలన మలేరియా జ్వరము పుట్టునని లోకము చిరకాలము నమ్మియుండెను. 1880లో అల్జీరియాయందు లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తమున దానికి కారణమైన పరాన్నజీవిని కనుగొనెను. అది మనుష్యుని చేరు మార్గము మాత్రము తెలియరాలేదు. 1897 ఆగష్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్, రోగి రక్తమును త్రావిన దోమను కోసి, దాని కడుపుగోడలో ఆ జీవి పెరుగుచుండుట చూచెను. మరుసటి యేట కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, దాని బీజరూపములు దోమ లాలాజల గ్రంథులను చేరి కాటుతో వ్యాపించునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఆ బీజరూపములే తరువాత టీకాకు గుఱియయ్యెను. ఈ జీవి దోమకాటుతో వచ్చునప్పు డొక రూపము, కాలేయమున నొక రూపము, రక్తకణములలో మఱియొక రూపము దాల్చును. ఒక రూపమును ఎదుర్కొన శరీరము నేర్చిన రక్షణ వేఱొక రూపముపై అంతగా పనిచేయదు. కావున ఏ దశలో ఏ మాంసకృత్తును గుఱిగా ఎన్నుకొనవలెననునదే ప్రధాన సమస్య.

1967లో న్యూయార్కు నగరమున రూత్ నూసెన్‌జ్వైగ్, ఎక్స్-కిరణములచే బలహీనపఱచిన బీజరూపములు ఎలుకలకు రక్షణ కలిగించునని చూపెను. బీజరూపముల పైపొరనున్న ఒక మాంసకృత్తును పట్టుకొను ప్రతిరక్షకము వానిని నిర్వీర్యము చేయునని 1980లో తేలెను. ఆ మాంసకృత్తు ఆధారముగా రూపొందిన ఆర్.టి.ఎస్.,ఎస్. టీకాను 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ శిశువులకు సిఫారసు చేసెను. 5 నుండి 17 నెలల వయసున మొదలుపెట్టి నాలుగు మోతాదులు పొందిన బిడ్డలలో నాలుగేండ్ల కాలమున జ్వరబాధ సుమారు 36 శాతమే తగ్గెను. ఐనను పిల్లల ప్రాణములను హరించు వ్యాధి విషయమున ఇది స్వల్పలాభము కాదు. అదే మాంసకృత్తు ఆధారముగా ఆక్స్‌ఫర్డువారు రూపొందించగా పూనాలో తయారగు ఆర్-21 టీకాకు 2023లో సిఫారసు లభించెను.

రోగనిర్ణయమునకు గుఱి వేఱు. ఫాల్సిపారమ్ జాతి రక్తములోనికి విడుచు ఎచ్.ఆర్.పి.-2 అను మాంసకృత్తును పసిగట్టు పరీక్షాపట్టీ, సూక్ష్మదర్శిని లేని పల్లెయందును కొద్ది నిమిషములలో ఫలితము నిచ్చును. కాని ఆ మాంసకృత్తు జన్యువే లోపించిన జీవులు పెరూ దేశమున నున్నట్లు 2010లో వెల్లడియయ్యెను. అట్టి జీవి సోకినవానికి రోగము లేదని పట్టీ చెప్పవచ్చును. చికిత్స ఆలస్యమైనచో ప్రాణాపాయము కలుగును. జీవి వదలుకొనియు బ్రదుకగల గుఱి ఏనాటికైన మోసము చేయునని దీనివలన తెలియుచున్నది.

2021 జనవరిలో ఆర్.టి.ఎస్.,ఎస్. టీకాలోని ప్రతిజనకమును తయారుచేయు విధానమును స్వీకరించుటకు హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ ఒడంబడిక చేసికొనెను. రాస్ దోమను కోసిన జంటనగరముల నేలకే ఆ పరిశోధనాఫలము నూటయిరువది మూడేండ్ల పిమ్మట ఈ రూపమున మరలివచ్చినది.