ఓసీడీ: లక్షణాలు, జన్యు కారణాలు

వద్దనుకున్నా పదేపదే వచ్చిపడే ఆలోచనలు, వాటి ఆందోళన తగ్గించుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పనులు ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక రుగ్మతకు ముఖ్య లక్షణాలు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వేశానో లేదోనని తిరిగొచ్చి లాగి చూడటం, చర్మం పగిలేదాకా చేతులు కడగడం అందరి కంటా పడతాయి. దేవుడి పటం ముందు మెదిలే దూషణలు, అయినవాళ్లకు హాని చేస్తానేమోనన్న భయం మాత్రం రోగి నోరు విప్పి చెప్పుకోలేడు.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ఇళ్లలో కడుగుళ్లను మడి అనో, చాదస్తమనో సరిపెట్టుకోవడం కద్దు. మడి కట్టుకున్నవారు పని కాగానే తృప్తిగా లేస్తారు. రోగికి ఆ తృప్తి దొరకదు. రోజుకు గంటకు పైగా దీనికే పోతుంది.

తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఓసీడీ ఉంటే ముప్పు సుమారు 4 రెట్లు. కవలల అధ్యయనాల ప్రకారం వారసత్వం వాటా పెద్దల్లో 27–47 శాతం, పిల్లల్లో 45–65 శాతం. 2025లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన భారీ అధ్యయనం జన్యుపటంలో 30 స్థానాలను గుర్తించింది. ఏ ఒక్క జన్యువూ ఈ జబ్బు తెచ్చిపెట్టదు. కనుక వంశం పేరెత్తి పెళ్లి సంబంధాలు తప్పించడం అన్యాయం.

భయానికి ఎదురునిలిపే ప్రవర్తన చికిత్స, ఎస్ఎస్ఆర్ఐ మందులు చాలామందికి పనిచేస్తాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా సలహా ఇస్తారు.