దిగువకు నడవని ఎద్దు

ఒరే మనవడా, ఆ కట్టుతీగ ముక్క గడ్డిమోపు మీద పడెయ్యకు, ఇలా ఇయ్యి. ఇచ్చావా? ఇక పొయ్యి దగ్గరికి జరుగు. నీకు నిద్రొచ్చినా చెప్పక మానను.

మా చిన్నప్పుడు అరకు కొండల్లో ఇనుమంటే బంగారమే. శుక్రవారం సంతకి కుంచెడు చోళ్లు మోసుకెళితే ఉప్పూ ఎండుచేపా వచ్చేవి. మేకు మాత్రం కొనేవాళ్లం కాదు. పాత దూలంలోంచి పీకి, రాతిమీద సాగ్గొట్టి మళ్లీ దిగ్గొట్టడమే. 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలు దారి పడింది. బైలదిలా ఇనుపరాయి విశాఖ రేవు మీదుగా జపాను వెళ్లాలట. ఎన్ని సొరంగాలు తొలిచారనుకున్నావు! మా అయ్య కూడా కూలికెళ్లాడు... ఆ ముచ్చట ఇంకోనాడు. దారితోపాటు మేకులూ తీగముక్కలూ మా మేతబీళ్లలోకి వచ్చిపడ్డాయి.

మా కర్రెద్దు ఓ పొద్దున నెమరు మానేసింది. నడుం విల్లులా వంచి, ముందుకాళ్ల మోచేతులు ఎడంగా పెట్టి నిలబడింది. మెట్ట ఎక్కమంటే ఎక్కేది, దిగమంటే మూలిగేది. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు, ఊళ్లో తలో మందూ చెప్పారు. ఊళ్లో మందూ మంత్రం చూసే దిసారి పూజా చేశాడు. ఆయన్ని తప్పుపట్టను, గొడ్డు కడుపులోకి చూసే కన్ను మాకెవరికుందని?

పశువుల డాక్టరు వచ్చేసరికి ఎద్దు పోయింది. కోసి చూపించాడు. తేనెపట్టులా గళ్లుగళ్లుగా ఉన్న రెండో కడుపులోంచి వేలెడు తుప్పుతీగ పొడుచుకొచ్చింది. చుట్టూ చీము, పేగుల్ని కప్పే పల్చటి పొరంతా వాచి అతుక్కుపోయింది. దాన్ని పెరిటోనైటిస్ అంటారట. గొడ్డు మనలా ఏరుకు తినదు కదా, నాలుకతో చుట్టి మింగేస్తుంది. కడుపు ముడుచుకున్నప్పుడల్లా తీగ ఇంకాస్త దిగుతుంది. అవతల బెత్తెడు దూరంలో గుండె! దిగుడులో పేగుల బరువంతా ముందుకొచ్చి ఆ పుండు మీద పడుతుంది. పాపం, అందుకే దిగనంది. నేనేమో మొండికేసిందని ముల్లుకర్రతో పొడిచాను.

కొన్నేళ్లకి మన చుక్కావు అలాగే నిలబడితే, ఆ పూటే డాక్టరు కోసం పరిగెత్తాను. అయస్కాంతం మింగించి, సూదిమందు వేశాడు. ముందుకాళ్లు ఎత్తున ఉండేట్టు కట్టమన్నాడు. ఏటవాలుకి మనకేం కొదవ? తల మెట్టవైపు పెట్టి కట్టి, మూడు వారాలు అక్కడికే మేత మోశాను. నాలుగోనాడు చీకట్లో, అది నెమరేస్తున్న చప్పుడు విన్నానురా.