లైనక్స్ కెర్నెల్‌లో ప్యాచ్ సమీక్ష, విలీన నియమాలు

లైనక్స్ కెర్నెల్‌లోకి కొత్త కోడ్ ఏ దారిన రావాలి, ఎవరు చూడాలి, చివరి మాట ఎవరిది అన్నవి తేల్చే కట్టుబాట్లను కలిపి ప్యాచ్ సమీక్షా విధానం అంటారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఒక్కరే మొదలుపెట్టిన ఈ కెర్నెల్‌లో ఇప్పుడు ఒక్కో వెర్షన్‌కు సాధారణంగా పది వేలకు పైగా మార్పులు చేరుతుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్లు, సూపర్ కంప్యూటర్లు నడిచేది దీని మీదే. అయినా ప్రధాన శాఖలో మార్పు చేర్చే అధికారం మామూలు రోజుల్లో టోర్వాల్డ్స్ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఆయన స్వయంగా పంక్తి పంక్తీ చదివేది మాత్రం వాటిలో కొద్ది భాగమే. అసలు సమీక్ష కింది మెట్లలోనే జరిగిపోతుంది.

ప్యాచ్ దారి

మార్పును ప్యాచ్‌గా మలిచి, మామూలు అక్షరాల ఈమెయిల్‌గా పంపడం ఇక్కడి పాత పద్ధతి. ఎవరికి పంపాలో కెర్నెల్‌లోనే ఉన్న ‘మెయింటెయినర్స్’ అనే ఫైలు చెబుతుంది. నెట్‌వర్కింగ్, ఫైల్ సిస్టమ్‌లు, ఒక్కో రకం డ్రైవర్లు - ప్రతి భాగానికీ బాధ్యులైన మెయింటెయినర్ల పేర్లు అందులో ఉంటాయి. పంపేముందు ‘చెక్‌ప్యాచ్’ అనే స్క్రిప్టు నడిపి రాత పద్ధతి సరిచూసుకోవాలి. ఒక ప్యాచ్‌లో ఒకే పని ఉండాలి. బగ్ సరిచేస్తూ పక్కనున్న ఖాళీలు కూడా సర్దితే, రెండుగా విడదీసి పంపమని తిరిగొస్తుంది.

కోడ్ ఎంత ముఖ్యమో దానికి జతచేసే వివరణా అంతే ముఖ్యం. ఏం మార్చారో కోడ్ చూస్తే తెలుస్తుంది. ఎందుకు మార్చారో రాసిన మనిషే చెప్పాలి. పాత కమిట్‌లో (ఇదివరకే కోడ్‌లో చేరిన మార్పులో) దొర్లిన తప్పును దిద్దుతుంటే ‘ఫిక్సెస్’ అనే పంక్తిలో ఆ కమిట్ గుర్తింపు సంఖ్యలోని తొలి పన్నెండు అక్షరాలైనా ఇవ్వాలి. సమీక్షకులు అడిగిన మార్పులు చేసి రెండో, మూడో కూర్పు పంపడం మామూలే. పెద్ద ప్యాచ్‌ల వరుస పదో కూర్పు దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు.

సంతకాలు

లైనక్స్‌లో తమ కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ సంస్థ 2003లో కోర్టుకెక్కింది. ఆ మరుసటి ఏడాదే ‘సైన్డ్-ఆఫ్-బై’ పంక్తి ఆచారంలోకి వచ్చింది. ఈ కోడ్‌ను ఇచ్చే హక్కు నాకుందని పంపేవారు ఇచ్చే హామీ అది. ప్యాచ్ ఎవరెవరి చేతులు మారితే వాళ్లంతా కింద తమ పేరు చేరుస్తారు. పేరూ ఊరూ లేని ప్యాచ్‌లు తీసుకోరు. ‘రివ్యూడ్-బై’ అంటే క్షుణ్ణంగా చదివి ఒప్పుకున్నట్టు. ‘యాక్డ్-బై’ అంటే అభ్యంతరం లేదన్నట్టు. ‘టెస్టెడ్-బై’ అంటే నడిపి చూసినట్టు.

విలీన గడువు

కొత్త వెర్షన్ వెలువడగానే రెండు వారాల మెర్జ్ విండో తెరుచుకుంటుంది. మెయింటెయినర్లు పోగుచేసిన మార్పులను టోర్వాల్డ్స్ అప్పుడే తీసుకుంటారు. అవన్నీ అంతకుముందే ‘లైనక్స్-నెక్స్ట్’ అనే పరీక్షా శాఖలో కలిసి ఉండాలన్నది ఆనవాయితీ. విండో మూతపడ్డాక వారానికొకటి చొప్పున ఏడెనిమిది ఆర్‌సీలు (విడుదలకు ముందటి పరీక్షా కూర్పులు) వస్తాయి; వాటిలో దిద్దుబాట్లకే చోటు. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ కొత్త కెర్నెల్‌లో నడవకపోతే తప్పు కెర్నెల్‌దే. ఈ ఒక్క విషయంలో టోర్వాల్డ్స్ రాజీపడరు, మార్పును వెనక్కి తీయిస్తారు.

పరీక్షకు నిలిచిన సందర్భాలు

2003 నవంబరులో కెర్నెల్ కోడ్‌కు నకలుగా ఉంచిన సీవీఎస్ భాండారంలోకి ఎవరో చొరబడి రెండు పంక్తులు చేర్చారు. ప్రోగ్రామ్ నడుపుతున్నది రూట్ యూజరా (సర్వాధికారాలున్న యూజరా) అని పోల్చిచూస్తున్నట్టు కనిపించే ఆ షరతులో రెండు సమాన గుర్తులు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. దాంతో పోల్చడం పోయి, నడిపినవారికి రూట్ అధికారమే దక్కేది. మార్పుకు అసలు భాండారంలో ఆమోదపు జాడ లేకపోవడంతో దొరికిపోయింది.

2020లో సమీక్షకే గురిపెట్టారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు లోపాలున్న ప్యాచ్‌లను కావాలనే పంపి, సమీక్షకులు పట్టుకుంటారో లేదో చూశారన్న సంగతి బయటపడింది. 2021 ఏప్రిల్‌లో కెర్నెల్ మెయింటెయినర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ప్యాచ్‌లను నిషేధించారు. పాతవాటిని తిరగదోడాల్సి వచ్చింది. పరిశోధకులు ఈ ప్రయోగంపై రాసిన పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. పంపినవారి మంచి ఉద్దేశాన్ని నమ్మి నడిచే వ్యవస్థకు ఇది గట్టి దెబ్బ; కానీ వాళ్లు వేలెత్తి చూపిన బలహీనత నిజమే. రాసేవాళ్లు పెరిగినంతగా చదివేవాళ్లు పెరగడం లేదు.

మాటతీరు మీదా విమర్శలున్నాయి. ఈమెయిళ్లలో తన దురుసుతనానికి టోర్వాల్డ్స్ 2018 సెప్టెంబరులో క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. ప్రవర్తనా నియమావళి అప్పుడే వచ్చింది. ఆయన లేకున్నా పని ఆగలేదు: ఆ అక్టోబరులో 4.19 వెర్షన్‌ను క్రోవా-హార్ట్‌మన్ విడుదల చేశారు.