ఈకయు సుత్తియు

ఒక చేత గులకరాతిని, ఒక చేత కాకి యీకను పట్టుకొని యొక్కమాఱుగా విడిచినచో ఏది ముందు నేలఁ జేరునని యింటిలోని చిన్నవాని నడిగినను రాయియే యని చెప్పును. గ్రీసు దేశపు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పినదియు నదియే. బరువు హెచ్చిన కొలఁది పడు వేగమును హెచ్చునని యాతఁడు బోధించెను. ఆఱవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో ఫిలోపొనస్ అను పండితుఁడు, వస్తువుల బరువులలో నెంత భేదమున్నను అవి పడు కాలములలో భేదము స్వల్పమే యని వ్రాసెను. అయినను ఆ మాటను చెవినిడినవారు కొలఁది మంది.

చదువరులు ఒక కాగితమును సమముగా రెండు ముక్కలు చేసి, ఒకదానిని ఉండ చుట్టి, రెండింటిని ఒకే యెత్తునుండి విడిచి చూతురు గాక. బరువులు సమానమే, ఉండ ముందు పడును. దోషము బరువుది కాదు, గాలిది.

పైసా నగరపు గోపురముపైనుండి గెలీలియో గుండ్లను విడిచెనను కథను ఆతని శిష్యుఁడు వివియాని వ్రాసెను. అది జరిగెనా యని చరిత్రకారులు పలువురు శంకింతురు. గెలీలియో నిజముగాఁ జేసిన పని అంతకంటె నాకు రుచించును. క్షణములను కొలుచుటకుఁ దగిన గడియారము నాఁడు లేదు. కావున నతఁడు ఏటవాలుగా నుంచిన కొయ్యలో గాడి తొలిపించి, అందు నున్నని కంచుగుండ్లను దొర్లించి, పాత్రనుండి సన్నధారగాఁ గాఱిన నీటిని తూచి కాలమును లెక్కించెను. కాలము రెట్టింపైనచో దూరము నాలుగింతలగునని తేలినది. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని సమర్థించిన నేరమునకు 1633లో మతాధికారులాతనిని శిక్షించి గృహనిర్బంధమున నుంచిరి. ఈ ఫలితములు గల గ్రంథము 1638లో హాలెండు దేశపు లైడెనులో అచ్చుపడునాఁటికి ఆతని చూపు పోయినది. గాలి యడ్డు లేనిచో సమస్త వస్తువులును సమాన వేగమునఁ బడునని అందుఁ గలదు.

తరువాత గాలిని తోడు యంత్రములు పుట్టినవి. గాజుగొట్టములో నాణెమును ఈకయుఁ గలిసి పడుట జనులు చూచిరి. అది గొట్టమంత చోటు. గాలి లేని లోకము వేఱు.

1971 ఆగస్టు 2వ తేదీన అపోలో 15 నాయకుఁడు డేవిడ్ స్కాట్ చంద్రునిపై, టెలివిజన్ కెమెరా యెదుట, కుడిచేత రాళ్లు కొట్టు సుత్తిని, ఎడమచేత డేగ యీకను పట్టుకొని నిలిచెను. సుత్తి 1.32 కిలోగ్రాములది. సుమారు 1.6 మీటర్ల యెత్తునుండి రెండింటిని విడిచెను. రెండును ఒక్కటిగా నేలఁ దాఁకెను. గెలీలియో మాట సరియే యని స్కాట్ అచ్చటనే పలికెను. చంద్రుని యాకర్షణ భూమి యాకర్షణలో సుమారు ఆఱవ వంతు. అందుచే ఇచ్చట అరసెకండునకు మించి స్వల్పకాలములో ముగియు పతనము అచ్చట 1.4 సెకండులు పట్టును; కన్ను దానిని వెంబడింపఁగలదు.

బరువు తగ్గినది గనుక అచ్చట సర్వమును దూదివలె నుండునని యనుకొనరాదు. తగ్గినది బరువే కాని ద్రవ్యరాశి కాదు. పరుగెత్తువానిని ఆపుటకు భూమిపై నెంత బలము కావలెనో అచ్చటను అంతయే కావలెను. కాళ్లకు నేలపైఁ బట్టు మాత్రము ఆఱవ వంతే. 1972 ఏప్రిలులో అపోలో 16 యాత్రికుఁడు చార్లెస్ డ్యూక్ వేడుకకు ఎగిరి, తూఁకము తప్పి వెనుకకుఁ బడెను. వీఁపుననున్న ప్రాణవాయు యంత్రము చెడియుండినచో నాతఁడు బ్రతుకుట కష్టము.

ఆ యాత్రలలోని బండి చిత్రములను చూచినవారు ధూళిని గమనింపవలెను. మన బాటలపై బండి పోయిన పిదప దుమ్ము మేఘమై చాలసేపు నిలుచును. అచ్చట చక్రము చిమ్మిన రేణువులు విల్లువలె వంగి లేచి, ఏ గాలిలోను తేలక, వెంటనే నేలకు దిగుచున్నవి.