పాత చేతుల పనితనము

మన పేట పేరు చెప్పగానే ముఖము త్రిప్పుకొనేవారు కలరు. కాని ఆ పేరు పుట్టినది కష్టజీవుల వలన. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు అనే కట్ట పూర్తియై, మహాలక్ష్మి దగ్గర సముద్రపు పోటు లోపలికి రాకుండా ఆగినది. తరువాత బొంబాయి దీవుల నడుమనున్న పల్లపు నేలలు మెల్లగా మెరక అయినవి. ఫోరస్ అనేది పోర్చుగీసువారి కాలపు మాట. ఇటువంటి నేలలపై కట్టే శిస్తుకు ఆ పేరు. ఈ నగరములో రాళ్ళు మోసి, సున్నము కలిపి, గోడలు లేపుటకు నిజాం రాజ్యము వైపునుండి వచ్చిన తెలుగువారిని ఇక్కడివారు కామాఠీలన్నారు. వారు కాపురమున్న చోటు కామాఠీపురా అయినది.

ఇంతవరకు మనలో చాలమంది ఎరిగినదే. మేము చెప్పదలచినది అందులో ఒక చిన్న భాగము. ఆ పనులలో తల నెరసినవారి స్థానమేమి?

ఆ రోజులలో సిమెంటు లేదు. గోడకు ప్రాణము గానుగ సున్నమే. సున్నము ఎన్నాళ్ళు నానవలెనో, ఇసుక ఎంత పట్టునో చేతితో నలిపి చూచి చెప్పవలసినదే. తట్ట మోయుటకు పడుచువాడు కావలెను. సున్నము అదును చెప్పుటకు అనుభవశాలి కావలెను. ఇద్దరిలో ఎవరు లేకున్నా గోడ నిలువదు.

1854లో కావస్జీ నానాభాయి దావర్ ఇక్కడ మొదటి నూలు మిల్లు కంపెనీని స్థాపించినాడు. మిల్లులు పెరిగినకొలది కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల పద్మశాలీలు ఈ నగరము చేరినారు. ఊరిలో ఇంటి మగ్గము దగ్గర అన్ని వయసులకూ పని ఉండేది. పిల్లలు కండెలు చుట్టేవారు. ఆడవారు రాట్నము త్రిప్పేవారు. నడివయసువాడు మగ్గములో కూర్చుండేవాడు. తాత పడుగు సరిచేసేవాడు. చూపు తగ్గినా తెగిన పోగు ఆయన వ్రేలికి తెలిసేది.

మిల్లులోనూ అన్ని వయసులవారు కలిసినారు, కాని అక్కడి న్యాయము వేరు. 1881 ఫ్యాక్టరీ చట్టము ఏడేండ్ల పిల్లవానిని సైతము పనిలో పెట్టుకొననిచ్చినది. పన్నెండు నిండనివారికి రోజుకు 9 గంటలు మించరాదని మాత్రము హద్దు పెట్టినది. 1891లో కనీస వయసు 9 ఏండ్లయినది. 1948 చట్టములో 14. ముసలివారి సంగతి ఇంకా ఆలస్యము. భవిష్యనిధి చట్టము 1952లో, గ్రాట్యుటీ చట్టము 1972లో వచ్చినవి. అంతకు ముందు సత్తువ తగ్గిన కార్మికునికి చాలవరకు ఊరి దారియే గతి.

కొత్తవాడు మిల్లులో బద్లీగా చేరేవాడు. ఎవరైనా పనికి రానినాడే వానికి కూలి. సాంచా నడుపుట వానికి నేర్పినది ఏ బడియు కాదు. ప్రక్క సాంచా మీది పెద్దాయన. చాలమారులు ఆయన అదే చాలులో ఉండే మేనమామయో, చిన్నాయనయో అయ్యేవాడు. సాంచాల చప్పుడులో మాట వినబడదు. సైగతోనే చదువు సాగేది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున సమ్మె మొదలైనది. సుమారు రెండున్నర లక్షలమంది పని మానినారు. ఆ సమ్మెను విరమించినట్లు ఎవరును ప్రకటించలేదు. మిల్లులు మాత్రము ఒకటొకటిగా మూతబడినవి. నలుబది, ఏబది ఏండ్లు దాటిన నేతగాండ్లు కావలివారైనారు, కూరల బండ్లు పెట్టుకొన్నారు. జీతము పోవుట ఒక నష్టము. నేర్పవలసినవానికి నేర్చుకొనేవాడు లేకపోవుట రెండవ నష్టము. ఈ రెండవదానిని ఏ పరిహారములోను లెక్క కట్టలేదు.

మేము రైల్వే గుమాస్తాలము గనుక మా సంగతియు చెప్పుకొనవలెను. కేంద్ర ఉద్యోగుల విరమణ వయసు 1962లో 55 నుండి 58కి, 1998లో 60కి పెరిగినది. పెద్దలు కుర్చీ వదలకున్న పడుచువారికి పని ఎక్కడిదని అడుగువారున్నారు. నిరుద్యోగియైన కొడుకున్న ఇంట ఆ ప్రశ్న అబద్ధము కాదు. కాని కచేరీలో మేము చూచునది ఇది: పాత సర్వీసు బుక్కులో ఒక పంక్తి ఎందుకు తప్పిపోయినదో చెప్పగలవాడు రేపో మాపో విరమించబోయే పెద్ద గుమాస్తాయే. ఒక వితంతువు పింఛను ఆ పంక్తిమీద నిలిచియుండును. ఆ లెక్కను కంప్యూటరులో ఎక్కించుట ఆయనకు చూపువాడు పాతికేండ్ల కుర్రవాడు. ఒకరి నుండి ఒకరు నేర్చుకొనుటలో చిన్నతనము లేదు. పెద్దవాడు వెళ్ళిపోకముందే ఆ నేర్పు చేతులు మారవలెను; వీడ్కోలు సభనాడు అడిగి లాభము లేదు.

మన చాలుల వరండాలలో మిల్లు పని ఎరిగినవారు ఇంకను ఉన్నారు. పండుగనాడు వారికి శాలువా కప్పుట మంచిదే. ప్రక్కన కూర్చుండి అడుగుట అంతకన్న మంచిది. ఏ ఖాతాలో పనిచేసినారు, ఎవరివద్ద నేర్చినారు, ఎవరికి నేర్పినారు అని మన యువకులు తలకొక పెద్దను అడిగి వ్రాసిపెట్టిన, ఈ పేట నిజమైన చరిత్ర మనకు దక్కును.

పడుగు ముందు సాగవలెను. పేక తరువాత పడవలెను. రెండును కలిసిననే బట్ట. ఈ ఉగాది మన ఇండ్లలో పెద్దలను, పిన్నలను ఒకే పనిపీట దగ్గర కూర్చుండబెట్టునుగాక.